ఔసులాయన ఇచ్చిన పొట్లం

పోయిన నెల మా బోరు మోటరు ఆగిపోయింది. భువనగిరి నుంచి మెకానిక్‌ను పిలిపించాను. నడివయసు మనిషి, మాటలు తక్కువ. స్టార్టరు డబ్బా మూత తీయకముందే గట్టు మీద గొంతుక్కూర్చుని, తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఎప్పటిదాంక మంచిగ నడిచింది తాతా?"

"మొన్నటిదాంక. దానంతట అదే ఆగింది," అన్నాను.

అబద్ధం. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని విసుగెత్తి, రాగి తీగను మూడు పేటలు మెలిపెట్టి బిగించింది నేనే. అతను మూత తీసి ఆ మెలిని చూశాడు, నన్ను చూశాడు. ఎనభై దాటిన ముసలివాణ్ని ఏమంటాడు? నాకు మాత్రం చెవుల దాకా వేడెక్కింది. బాగుచేసేవాడి ముందు బొంకడం నాకిది మొదటిసారి కాదు. మొదటిసారి బొంకినప్పుడు ఒక మనిషికి ఊరు లేకుండా పోయింది, పేరు లేకుండా పోయింది.

ఆ మనిషి మా ఊరి ఔసులాయన. బంగారం, వెండి పని చేసేవాడు. ఆయన పేరు రాయను. మా ఊళ్లో ఆ పేరు ఇప్పుడొక తిట్టు. నమ్మించి మోసం చేసినవాణ్ని ఆ పేరు పెట్టి పిలుస్తారు, పిలిచేవాళ్లలో సగం మందికి అదొక మనిషి పేరని కూడా తెలియదు. ఆ పేరును అట్లా చేసింది నేను. కాబట్టి ఇక్కడ ఆయన ఔసులాయనే.

ఊదుగొట్టం ఎప్పుడూ నోటికి ఎడమ పక్కన పెట్టేవాడు. ఏళ్ల తరబడి ఊది ఊది ఎడమ బుగ్గ వదులైపోయి, నవ్వితే ముఖంలో ఒక సగమే నవ్వినట్టుండేది. మీసంలో ఎడమ వైపు వెంట్రుకలు కుంపటి సెగకు కమిలిపోయి పొట్టిగా ఉండేవి. "సగం మీసం కుంపటికిచ్చిన, సగం నాకుంచుకున్న," అనేవాడు. పని బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే బెదిరిపోయేవాడు. "ఏదో మర్చిపోయి ఉంట, ఇటియ్యి," అని నగ వెనక్కి లాక్కుని మళ్లీ మొదటి నుంచి చూసేవాడు. అందుకని తొందరలో ఉన్నవాళ్లు ఆయన్ను మెచ్చుకునేవాళ్లు కాదు.

ఏ వస్తువు తెచ్చినా ఆయన మొదటి మాట ఒకటే: "ఎప్పటిదాంక మంచిగుండె?" ఆ తర్వాతే చేతిలోకి తీసుకునేవాడు. ఒకసారి నేను అక్కడ ఉన్నప్పుడే గొల్ల మల్లమ్మ విరిగిన వెండి కడియం తెచ్చింది.

"నిన్నటిదాంక మంచిగనే ఉండె. దానంతట అదే ఇరిగింది," అంది.

"దానంతట అది ఏదీ ఇరగదక్కా. నిజం చెప్తే జల్ది అయితది. అబద్ధం చెప్తే నాకు రెండు పనులు. ముందుగాల నీ అబద్ధం ఇప్పాలె, అటెన్క కడియం ఇప్పాలె."

మల్లమ్మ కొంగు నలిపి, "మా ఆయన మీదికి ఇసిరిన. బండకు తాకింది," అంది.

"ఆయనకు తాకలేదా?"

"తాకలే."

"అట్లయితే కడియం ఒక్కటే బాగుచేస్తే సరిపోదు, నీ గురి గూడ బాగుచెయ్యాలె," అన్నాడు ఔసులాయన. మల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంకో అలవాటుంది, దాని గురించే నేను ముఖ్యంగా చెప్పాలి. ఔసులాయన పని చేసేటప్పుడు కింద ఇత్తడి పళ్లెం పెట్టుకునేవాడు. ఆకురాయితో రాస్తే రాలిన పొడి, కడిగితే ఊడిన మురికి, విరిగిన ముక్క, అన్నీ ఆ పళ్లెంలోనే పడేవి. పనయ్యాక మెత్తటి కుచ్చుతో దాన్నంతా ఒక్క చోటికి ఊడ్చి, మోదుగాకులో పొట్లం కట్టి, దారం చుట్టి, నగతో పాటు ఇచ్చేవాడు. ఏ పనికి ఆ పొట్లమే. మిగతా ఊళ్లలో ఔసులవాళ్లు ఊడ్చిన చెత్త తమ దగ్గరే ఉంచుకుంటారు, అది వాళ్ల హక్కు. ఈయన ఉంచుకునేవాడు కాదు. వాళ్ల నాయినను ఒకప్పుడు దొర గడీలో బంగారం దొంగ అని రోజంతా ఎండలో వీపు మీద బండ పెట్టి నిలబెట్టారట. పోయిందన్న దొరసాని గాజు మరునాడు పెట్టె అడుగున దొరికింది. వాళ్ల నాయిన ఆ తర్వాత కుంపటి ముందు కూర్చోలేదు.

పొట్లం చేతిలో పెట్టి, "ముట్టిందా?" అనేవాడు. తీసుకున్నవాళ్లు "ముట్టింది" అని నోటితో అనాలి. తలూపితే ఒప్పుకునేవాడు కాదు. మా అమ్మ ఒకసారి, "ఇంత దుమ్ము నాకెందుకన్నా?" అంది. "దుమ్ము కాదు చెల్లె, నీది. ముట్టిందను," అన్నాడు. అమ్మ విసుక్కుంటూనే అంది. ఊళ్లో పిల్లలు జామకాయ చేతులు మారినా "ముట్టిందా, ముట్టింది" అని ఆయన గొంతుతో ఆడుకునేవాళ్లు.

పోలీస్ యాక్షన్‌కు ముందటి ఏడాది నేను దొరల మీద కొట్లాడే సంఘంలోకి పోయాను. ఇరవై రెండేళ్లు. మా దళంలో తొమ్మిది మందిమి. భర్మార్ తుపాకులు రెండు, వడిసెలలు, గొడ్డళ్లు, వాటితో పాటు ఒక పిస్తోలు. గడీ మీద పడ్డప్పుడు దొర దిండు కింద దొరికింది. ఒక తూటా పేలగానే పైభాగం వెనక్కి జరిగి, దాని ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరేసి, ముందుకొస్తూ ఇంకో తూటాను తనే లోపలికి తీసుకునే రకం. కాల్చేది దళనాయకుడు. ఆయన్ను అందరం అన్నా అనేవాళ్లం. దాన్ని తుడిచి, నూనె పెట్టి, భద్రంగా ఉంచే పని నాది. ఉర్దూ మిడిల్ దాకా చదివానని నాకిచ్చారు. చదువుకూ పిస్తోలుకూ ఏమిటి సంబంధమో అప్పుడు ఎవరూ అడగలేదు. నేనైతే అసలే అడగలేదు, నడుముకు అది ఉంటే నడకే మారిపోయేది.

ఆ దసరాకు గంట సేపు ఇంటికి పోయొస్తానని అన్నను అడిగి వచ్చాను. అమ్మ వాకిట్లో నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి వరసగా పెట్టి పూజ చేస్తోంది. నా నడుము వైపు చూసి, "అది గూడ పెట్టరా. అది గూడ పనిముట్టే గద," అంది. సంఘంలో పూజలూ అవీ లేవు. తెలిస్తే అన్న నవ్వడు, తిడతాడు. అయినా పెట్టాను. అమ్మ పైన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. అక్కడితో ఆపినా బాగుండేది. నేనే పైభాగం వెనక్కి లాగి పట్టుకుని, "లోపల గూడ పెట్టమ్మా. అసలు పని చేసేది లోపలనే," అన్నాను. అమ్మ తడి పసుపు వేలితో లోపల రాసింది, కుంకుమ అద్దింది. తుప్పు పట్టకుండా ఉంటుందని నేను ఆముదం తెచ్చి ధారగా పోశాను. మా వైపు బండి ఇరుసుకూ ఆముదమే, తలకూ ఆముదమే. ఇనుముకు ఇంతకన్నా మంచిది ఏముంటుందనుకున్నాను. పైపైన తుడుచుకుని దళంలోకి వెళ్లిపోయాను.

చలికాలం వచ్చింది. తూటాలు కరువు కాబట్టి ఊరికే కాల్చేది లేదు. ఒక పొద్దున గుట్టల్లో అన్న రెండు తూటాలతో పరీక్ష చూశాడు. మొదటిది పేలింది. ఖాళీ గొట్టం బయటికి రాలేదు. దాని వెనకనే ఇంకో తూటా వచ్చి గుద్దుకుని రెండూ ఇరుక్కున్నాయి. అన్న పిస్తోలు నా చేతికిచ్చి, "చూడు," అన్నాడు. నేను పక్కకు పోయి తూటాల డబ్బీ లాగేసి, వెనక తూటాను విడిపించి, లోపలి గొట్టాన్ని కత్తి మొనతో పెకిలించాను. గొట్టం వచ్చింది. దానితో పాటు "టిక్" మని ఏదో చిట్లిన చప్పుడు కూడా వచ్చింది. ఏం చిట్లిందో నాకు కనబడలేదు, వెతకనూ లేదు.

"ఔసులాయనకు చూపి తీసుకరా," అన్నాడు అన్న.

మిట్టమధ్యాహ్నం పోయాను. ఔసులాయన వసారాలో ఒక్కడే ఉన్నాడు. ఆయన్ను నేను మామా అనేవాణ్ని, నన్ను ఆయన అల్లుడా అనేవాడు, ఊరి వరస. తువ్వాల విప్పి పిస్తోలు పళ్లెంలో పెట్టాను. ఆయన ముట్టుకోలేదు.

"ఎప్పటిదాంక మంచిగుండె, అల్లుడా?"

"మొన్నటిదాంక. దానంతట అదే ఆగింది మామా."

"ముందుగాల దీని కడుపుల ఏమన్న ఉన్నదా చూడు. ఉన్నదాన్ని నేను ముట్ట."

డబ్బీ తీసి, లోపల ఏమీ లేదని చూపించాను. అప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. పిస్తోలును అంత దగ్గరగా చూడటం ఆయనకదే మొదలు. కళ్లు మూసుకుని పైభాగాన్ని మూడు సార్లు వెనక్కి లాగి వదిలాడు. మూడోసారి చెవి దగ్గర పెట్టుకుని వదిలాడు.

"ఇది ఉరకాలె. పాక్కుంట వస్తాంది. లోపల ఏదో పట్టుకున్నది. ఏమన్న పోసినవా?"

"లేదు."

ఆయన వాసన చూశాడు. లోపలి జిగట కొంత వేలితో తీసి రెండు వేళ్ల మధ్య సాగదీశాడు. నా వైపు చూడలేదు. ఎట్లా విప్పాలో నన్నడిగి, నేను చెప్పినట్టు విప్పి, ఒక్కొక్క భాగాన్ని గ్యాసునూనెలో, అదే కిరోసిన్‌లో, కడిగాడు. ఖాళీ గొట్టం అంచును పట్టి బయటికి లాగే చిన్న కొక్కెం ఒకటి ఉంటుంది, వడ్లగింజంత. దాని కింద సూది పెట్టి గీకాడు. ఎండి గట్టిపడిన పసుపు ముద్ద ఊడి పళ్లెంలో పడింది. ఇంకా గీకితే ఎర్రగా కుంకుమ వచ్చింది. ఆముదం జిగటకు పసుపూ కుంకుమా పట్టి గట్టి లప్పంలాగా అయ్యాయి.

ఔసులాయన సూది కింద పెట్టాడు. ముఖంలో ఎడమ సగం నవ్వింది.

"దీనికి లగ్గం జేసినవా, అల్లుడా?"

నేను ఆయన కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువ. "అన్నకు చెప్పకు మామా. దళంల నా ఇజ్జత్ పోతది. నీకు పుణ్యముంటది."

"నేనెందుకు చెప్త? నీ చెత్త నీకే ఇస్త," అన్నాడు. తర్వాత కొక్కేన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, నవ్వు ఆపేశాడు. "ఇగో ఇది జూడు. దీని నోరు చిట్లింది. కత్తి పెట్టినవా?"

తలూపాను.

"మురికి తీసిన. ఉరుకుతది. కానీ ఈ నోరు గొట్టాన్ని పడ్తదో పట్టదో నాకు తెల్వది. కొత్త కొక్కెం చెయ్యాలె. బంగారం పని సామాను దీనికి పనికి రాదు, గట్టి ఉక్కు కావాలె. కమ్మరాయన దగ్గర పాత ఆకురాయి ముక్క తెచ్చి, కాల్చి సానబెట్టి చేస్త. ఎనిమిది రోజులియ్యి. అప్పటిదాంక ఒక్క దెబ్బకే దీన్ని నమ్మాలె. రెండో దెబ్బ మీద ఆశ పెట్టుకోవద్దని మీ అన్నకు చెప్పు. చెప్తవా?"

"చెప్త మామా."

"లగ్గం సంగతి చెప్పకున్న సరే, గిది మాత్రం మర్వకు."

పళ్లెంలో ఉన్నదంతా ఊడ్చాడు. పసుపు, కుంకుమ, ఆముదం జిగురు, చిట్లిన ఉక్కు రవ్వ. మోదుగాకులో కట్టి దారం చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ముట్టిందా?"

"ముట్టింది."

ఊరు దాటగానే ఆ పొట్లాన్ని ఆముదాల చేనులోకి విసిరేశాను.

అన్న అడిగాడు, "బాగైందా?" అని. రెండో దెబ్బను నమ్మొద్దని చెప్పాలంటే కొక్కెం ఎందుకు చిట్లిందో చెప్పాలి. కత్తి సంగతి చెప్పాలంటే అసలెందుకు ఇరుక్కుందో చెప్పాలి. పసుపు దాకా పోవాలి. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చాను. అన్న ముఖం చూడగానే, "అయింది అన్నా," అన్నాను. ఆయన చేత్తో రెండుసార్లు లాగి చూసి, "మంచిగ ఉరుకుతాంది," అని సంతోషపడి నడుముకు పెట్టుకున్నాడు. ఎనిమిది రోజులే కదా, అంతలో ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను.

ఐదో రోజు పొద్దున దొర గుండాలు, వాళ్లతో నలుగురు పోలీసులు, కళ్లం మీది వడ్లు ఎత్తుకుపోవడానికి వచ్చారు. మేము వాగు ఒడ్డు చాటున ఉన్నాం. అన్న పక్కన లింగయ్య ఉన్నాడు. భూమి లేని మనిషి, వడిసెల తిప్పితే ఎగిరే పిట్టను కొట్టేవాడు, పోయినేడే పెళ్లయింది. అన్న మొదటి దెబ్బ కాల్చాడు. గుండాలు బండ్లు వదిలి పరుగెత్తారు. పోలీసులు కింద పడుకుని తుపాకులు మా వైపు తిప్పారు. అన్న రెండో దెబ్బ నొక్కాడు. పేలలేదు. పైభాగం సగంలో ఆగి ఉంది, ఖాళీ గొట్టం లోపలే ఉంది. అన్న దాన్ని గుంజుతూ ఒడ్డు మీద అట్లాగే నిలబడిపోయాడు. ఆయన్ను కిందికి తోయడానికి లింగయ్య లేచాడు. గుండు అతనికి తగిలింది.

ఆముదాల చేనులోకి మోసుకుపోయాం. పొద్దు నెత్తి మీదికి రాకముందే పోయాడు. నీళ్లడిగాడు, తాగించింది నేనే. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు.

"ఔసులాయన బాగుచేసిన అని అన్నడు గద?" అన్నాడు అన్న నాతో, శవం పక్కన కూర్చుని.

"అన్నడు అన్నా," అన్నాను.

లింగయ్య బామ్మర్ది మా దళంలోనే ఉన్నాడు. "వాడు మొన్ననే దొరసాని ముక్కుపుడక చేసిచ్చిండు. గడీ సొమ్ము తిని చెడగొట్టిండు," అని అరిచాడు. అది నిజమే, ముక్కుపుడక చేసిన మాట. ఊళ్లో ఒక్కడే ఔసులాయన, గడీకి వేరే ఎవరు చేస్తారు? ఆ మాట కూడా నేను అనలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆయన్ను గుట్ట మీదికి పిలిపించారు. ఎందుకు పిలిచారో పిలవబోయినవాడు చెప్పలేదట. ఔసులాయన చెమటలు కక్కుకుంటూ ఎక్కి వచ్చాడు. నన్ను చూసి ఎడమ బుగ్గతో నవ్వాడు. కుడి చేయి పిడికిలి పట్టి ఉంది. అందులో ఏముందో నాకు వెంటనే తెలిసింది. ఎనిమిది రోజులన్నాడు, ఎనిమిదో రోజు తెచ్చాడు.

"నువ్వు చూసినంక గూడ ఎందుకాగింది?" అని అడిగాడు అన్న.

ఔసులాయన నవ్వు పోయింది. చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. "ఆగిందా? ఈ పోరడు మీకేం చెప్పిండు?"

"బాగైందని చెప్పిండు. లింగయ్య పోయిండు, నీకెరుకేనా?"

ఆయన నా వైపు తిరిగాడు. అంతసేపు నన్ను ఎవరూ చూడలేదు, అమ్మ కూడా. ఆయన నోరు తెరిస్తే నా పని అయిపోయినట్టే. దళంలో నిర్లక్ష్యానికి శిక్ష ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. ఆయన పిడికిలి ఇంకా గట్టిగా బిగించి పంచె మడతలో పెట్టుకున్నాడు.

"నీకో అలవాటున్నదట గద," అన్నాడు అన్న. ఆయన మంచివాడే, తొందరపడి చంపే మనిషి కాదు, ఏదైనా ఆధారం దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. "చేసిన పనికి పొట్లం కట్టి ఇస్తవట. నువ్వు నిజంగ ఇప్పి కడిగి ఉంటే, చెత్త ఉండాలె. ఇచ్చినవా?"

ఔసులాయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. "ఇచ్చిన. ఈ పటేలుకే ఇచ్చిన."

అల్లుడు పోయి పటేలు అయ్యాను.

అన్న నన్నడిగాడు. "ముట్టిందా?"

పొట్లం ముట్టిందంటే, ఏదీ అంటారు. విసిరేశానంటే, ఎందుకు విసిరావంటారు. అందులో ఏముందంటారు. నేను నేల చూస్తూ, "ముట్టలేదు," అన్నాను.

తండ్రి మీద పడిన మాట తన మీద పడకూడదని ఆయుష్షంతా దుమ్మును కూడా లెక్కగా తిరిగి ఇచ్చిన మనిషి. ఆ ఒక్కమాట విన్నాక ఆయన కోపం చేస్తాడనుకున్నాను. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

"అట్లనా? అయితే ఇయ్యలేదేమో. యాది మర్చిన."

కొందరు అక్కడికక్కడే తేల్చేయమన్నారు. అన్న ఒప్పుకోలేదు. "పొద్దుగూకేలోపల ఊరు విడిచిపో. పనిముట్లు ఇక్కడనే ఉండాలె," అన్నాడు. ఔసులాయన తలూపి గుట్ట దిగాడు. దిగుతూ దిగుతూ రెండుసార్లు ఆగి వెనక్కి చూశాడు. అలసిపోయి ఆగాడనుకున్నాను. సాయంత్రం ఆయన, ఆయన భార్య ఒక్క మూటతో మా ఇంటి ముందు నుంచే పోయారని అమ్మ చెప్పింది. ఎక్కడికి పోతున్నవన్నా అని అడిగితే షాద్‌నగర్ దిక్కు అన్నాడట. అమ్మ బతికినన్నాళ్లూ, "మనం పసుపు కుంకుమ పెట్టి ఇస్తిమి, ఆముదం పోసి ఇస్తిమి. అటువంటిదాన్ని చెడగొట్టడానికి వానికి చేతులెట్లొచ్చెనో," అంటూనే ఉండేది. నేను అన్నం ముందు కూర్చుని వింటూనే ఉండేవాణ్ని.

యూనియన్ మిలిటరీ వచ్చింది. దళాలు చెదిరిపోయాయి. అన్న అడవిలో చనిపోయాడు. నేను నల్లగొండ జైల్లో ఉండి వచ్చి వ్యవసాయం చేసుకున్నాను. ఊళ్లో లింగయ్యకు స్థూపం కట్టారు. ఏటా అక్కడ మీటింగు పెట్టి నా మెడలో దండ వేసి కుర్చీలో కూర్చోబెడతారు. మాట్లాడేవాళ్లు లింగయ్య త్యాగం చెప్పి, ద్రోహి పేరు చెప్తారు. నేను దండ సర్దుకుంటాను.

జైలు నుంచి వచ్చిన పదేళ్లకో ఏమో, ఎడ్లు కొందామని షాద్‌నగర్ అంగడికి పోయాను. రోడ్డు పక్కన గోనెసంచి పరుచుకుని తాళాలు, గొడుగులు, లాంతర్లు బాగుచేస్తున్న ముసలాయన కనిపించాడు. కుంపటి లేదు. మీసం రెండు పక్కలా సమానంగా పెరిగి ఉంది. దాంతో మొదట పోల్చుకోలేదు. పని కింద పెట్టుకున్న రేకు పళ్లెం చూసి పోల్చుకున్నాను.

ఏం చెప్పాలో తెలియక నా సంచిలోని తాళం తీసి ముందు పెట్టాను. బాగున్న తాళమే. ఆయన తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. పట్టినట్టు మాత్రం కనబడనీయలేదు.

"ఎప్పటిదాంక మంచిగుండె, పటేలా?"

నేను తాళంచెవి ఆయన ముందుకు జరిపాను. ఆయన తాళంచెవి తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది గద," అన్నాడు. అయినా వెనక్కి ఇవ్వలేదు. విప్పి, గ్యాసునూనెలో కడగడం మొదలుపెట్టాడు.

"మామా, ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు చెప్పొద్దంటివి. నేను సరే అంటి." తాళం లోపల గీకుతూనే ఉన్నాడు. కొంచెం ఆగి అన్నాడు. "నువ్వే చెప్తవనుకున్న. గుట్ట దిగేదాంక చూసిన."

తాళం బిగించి ఇచ్చాడు. పళ్లెంలో రాలిన తుప్పును ఊడ్చి పాత కాగితంలో కట్టి నా చేతిలో పెట్టాడు.

"ముట్టిందా?"

"ముట్టింది," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"గట్టిగ అను పటేలా. పక్కోళ్లకు ఇనబడాలె."

"ముట్టింది మామా!" అన్నాను. పక్కన చెప్పులు కుట్టే ఆయన తలెత్తి ఇద్దర్నీ చూశాడు. ఔసులాయన సరే అన్నట్టు తలూపి, లాంతరు పట్టుకుని నిలబడ్డ ఇంకొకామె వైపు తిరిగి, "ఎప్పటిదాంక మంచిగుండె అక్కా?" అన్నాడు. మరుసటేడు మళ్లీ పోతే ఆ చోట వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన చలికాలంలో పోయాడని చెప్పాడు.

షాద్‌నగర్ రోడ్డు మీద ఎవరికీ పట్టని చోట గట్టిగా అరిచి వచ్చి, మా ఊళ్లో మాత్రం ఇన్నేళ్లూ దండలు వేయించుకున్నాను. ధైర్యం ఎక్కడ అవసరం లేదో అక్కడే నాకు వచ్చింది.

పోయిన నెల మోటరు బాగుచేసిన మెకానిక్ పోతూ పోతూ, కాలిపోయిన ఆ మూడు పేటల తీగను నా చేతిలో పెట్టాడు. "ఇగో తాతా, నీ పాతది," అని స్కూటరెక్కాడు. ఈసారి విసిరేయలేదు, జేబులో పెట్టుకున్నాను.

వచ్చే వారం లింగయ్య స్థూపం దగ్గర మీటింగు. నాలుగు మాటలు రాసిమ్మన్నారు. ఆ రోజుల్లో ఉన్నవాళ్లలో మిగిలింది నువ్వొక్కడివే, చదివి వినిపిస్తాం అన్నారు. ఇదే రాసిస్తున్నాను. చదివేవాళ్లు మధ్యలో ఆపొద్దు. మైకు కొంచెం గట్టిగా పెట్టండి. లింగయ్య చావు నా మీదిది. ఔసులాయన నన్ను హెచ్చరించాడు, పని నిజాయితీగా చేశాడు, పొట్లం కట్టి ఇచ్చాడు.

ఆ పొట్లం నాకు ముట్టింది.